నొక్కే వేలు నాయినదే కావాలి

నిజాం ఇలాకా నుంచి కూలికి వచ్చిన కామాఠీల పేరే ముంబయిలోని కామాఠీపురాకు స్థిరపడింది. ఇక్కడి చాళ్లలోని మన పెద్దలు ఈ నగరంలో ఇళ్లు కట్టారు, మిల్లుల్లో మగ్గాలు నడిపారు, 1982 మిల్లు సమ్మెను తట్టుకుని బతికారు. అలాంటివాళ్లను ఫోను ముందు కూర్చోబెట్టి ‘ఇంత చిన్న పని రాదా’ అని విసుక్కోవడం నాకు మింగుడుపడదు.

పింఛనుదార్లు బతికే ఉన్నామని ఏటా రుజువు చూపాలి. దానికి డిజిటల్ పద్ధతి, జీవన్ ప్రమాణ్, 2014 నవంబరులో వచ్చింది. నూలుపోగులు అతికి అతికి మా నాయిన వేలిగీతలు అరిగిపోయాయి. వేలిముద్ర యంత్రానికి అందలేదు. తర్వాత ముఖం చూపించే వీలొచ్చింది. ఖోలీలో వెలుతురు చాలక గ్యాలరీలోకి వచ్చి, ఫోను కళ్లకెదురుగా పట్టుకుని రెప్ప కొట్టాడు. పనైపోయింది.

మొదట నేనే చేసిపెట్టబోతే, “నువ్వు చెయ్యకు బిడ్డా, నాకు చూపియ్యి” అన్నాడు.

నేర్పే పద్ధతంతా ఆ మాటలోనే ఉంది. ఫోను మనం లాక్కుంటే పని తొందరగా అవుతుంది, నేర్చుకోవడం ఆగిపోతుంది. అక్షరాలు పెద్దవి చేసివ్వాలి. తెర మీద తెలుగు కావాలా, మరాఠీ కావాలా అని పెద్దవాళ్లనే అడగాలి. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం మరాఠీలోనే వచ్చినవాళ్లున్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనీ, డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదనీ పదేపదే చెప్పాలి.

పింఛను వాళ్ల కష్టార్జితం. ఒకరి మీద ఆధారపడకుండా దాన్ని తామే చూసుకోవడం వాళ్ల హక్కు. అందుకోసం రోజూ ఓ అరగంట వాళ్ల పక్కన కూర్చోవడం పిల్లలుగా మన బాధ్యత.