గాలి ఎక్కడుంది?

కారులో క్లచ్ తొక్కేది ఎడమ కాలు. ఆ కాలి బలం ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య ఉన్న క్లచ్ దాకా ఎలా చేరుతుందో మనలో చాలామంది ఆలోచించం. కొన్ని కార్లలో ఆ పని ఒక ఉక్కు కేబులు చేస్తుంది. మరికొన్నింటిలో సన్నటి గొట్టంలో నింపిన ద్రవం చేస్తుంది. దీన్నే హైడ్రాలిక్ క్లచ్ అంటారు. మా ఇంటి పాత కారు ఈ రెండో రకానిది. పోయిన చలికాలంలో అది మూడు వారాలపాటు మాకు పాఠం చెప్పింది. సాహిత్యం చదువుకున్న మాకు అర్థమైంది కాబట్టి మీకూ అర్థమవుతుందని రాస్తున్నాం.

బదిలీ ఉద్యోగాల ఇళ్లలో సామాను తక్కువగా ఉంటుంది. కోరాపుట్‌లో కొన్న బీరువా సిల్చర్‌కు రాలేదు. సిల్చర్‌లో పెంచిన తులసి కోట ఝాన్సీకి రాలేదు. సిల్చర్‌లో ఒక సహోద్యోగి దగ్గర కొన్న కారు మాత్రం ఝాన్సీకి వచ్చింది, అక్కడి నుంచి ఫరీదాబాద్‌కూ వచ్చింది. ఇక్కడికి వచ్చాక దాని అవసరం ఇంకా పెరిగింది. అత్తయ్యకు వారానికి రెండుసార్లు ఢిల్లీ ఆసుపత్రిలో డయాలసిస్. 2015 నుంచి ఫరీదాబాద్‌కు మెట్రో ఉంది, వెళ్లేటప్పుడు ఎలాగో అందులో వెళ్లవచ్చు. డయాలసిస్ అయ్యాక ఆవిడ పది నిమిషాలు కూడా నిలబడలేరు. తిరుగు ప్రయాణానికి కారే దిక్కు.

డిసెంబరులో ఒక మంగళవారం సరితా విహార్ దగ్గర ఎర్రదీపం పడింది. బండి మొదటి గేరులో ఉంది, క్లచ్ పూర్తిగా తొక్కి ఉంది. అర నిమిషం గడిచేసరికి బండి తనంతట తానే ముందుకు లాగింది. ముందు స్కూటరు మీద ఒక తండ్రి, వెనక స్కూలు సంచీతో ఒక పాప. కుడికాలు బ్రేకు మీదే ఉండబట్టి బండి కుదుపుతో ఆగి, ఇంజను ఆరిపోయింది. వెనక సీటులో అత్తయ్య ఏమీ అనలేదు. ముందు సీటు వీపును మాత్రం గట్టిగా పట్టుకున్నారు.

మొదట చూపించిన గ్యారేజీలో, గేరుబాక్సు దించి క్లచ్ ప్లేటు సెట్టు మొత్తం మార్చాలన్నారు. నెలాఖరు రోజులు, చెప్పిన మొత్తం పెద్దది. మేము వెంటనే ఒప్పుకోలేదు. కారణం డబ్బు ఒక్కటే కాదు. ప్లేటు అరిగితే ఇంజను హోరు పెరుగుతుంది కానీ బండి వేగం అందుకోదు. అంటే క్లచ్ పట్టు జారుతుంది. మా బండిది సరిగ్గా దీనికి ఎదురు జబ్బు. క్లచ్ పట్టు వదలడం లేదు. రెండింటికీ ఒకే మందు ఎలా అవుతుంది?

తర్వాత మా కాలనీ దగ్గర చెట్టు కింద పనిచేసే మెకానిక్కును పిలిచాం. ఇక్కడ అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. పెడల్ చేత్తో నొక్కి చూసి, "హవా హై జీ, నికాల్ దేంగే" అన్నాడు. లోపల గాలి చేరింది, తీసేస్తే సరి అని.

గాలి ఉంటే ఏమవుతుందో మా స్కూలు ఫిజిక్స్ సారు స్టాఫ్ రూములోనే చూపించారు. సూదులు లేని రెండు సిరంజీలు తీసుకుని, మధ్య ఒక ప్లాస్టిక్ గొట్టం తగిలించి, నీళ్లు నింపారు. ఒక దాన్ని నొక్కితే రెండోది అదే క్షణంలో లేచింది. గొట్టంలో కొంచెం గాలి వదిలి, రెండో సిరంజీని వేలితో అదిమి పట్టుకోమన్నారు. ఈసారి మొదటిది లోపలికి దిగింది కానీ రెండోది కదల్లేదు. ద్రవం దాదాపుగా నలగదు, గాలి నలుగుతుంది. మనం పెట్టిన శ్రమ గాలిని నలపడానికే సరిపోతుంది. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్ని వైపులకూ తగ్గకుండా చేరుతుందని చెప్పిన బ్లేజ్ పాస్కల్ ఫ్రాన్సు దేశస్థుడు. 1623లో పుట్టి, 39 ఏళ్లకే పోయాడు. ఆ సూత్రంతో జోసెఫ్ బ్రామా ఇంగ్లండులో హైడ్రాలిక్ ప్రెస్సుకు 1795లో పేటెంటు తీసుకున్నాడు. పదకొండో తరగతి పిల్లలు ఈ పాఠం చదువుతారు.

కారులో మొదటి సిరంజీ పేరు మాస్టర్ సిలిండరు, అది పెడల్‌కు తగిలించి ఉంటుంది. రెండోది స్లేవ్ సిలిండరు, గేరుబాక్సు దగ్గర ఉంటుంది. ఒక లెక్క వేసుకుందాం. మాస్టర్ పిస్టను వైశాల్యం 2 చదరపు సెంటీమీటర్లు, స్లేవ్ పిస్టనుది 3 అనుకోండి. బలం ఒకటిన్నర రెట్లవుతుంది, కానీ కదలిక మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. మాస్టర్ 30 మిల్లీమీటర్లు నడిస్తే స్లేవ్ 20 నడుస్తుంది. అందులో నాలుగైదు మిల్లీమీటర్లు గాలికి పోయినా క్లచ్ పూర్తిగా విడిపోదు.

గాలి తీయడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు పెడల్ నాలుగైదుసార్లు తొక్కి, అదిమి పట్టుకోవాలి. రెండోవారు కింద స్లేవ్ సిలిండరుకున్న చిన్న నిపుల్ వదులు చేయాలి. బుడగలతో పాటు ఆయిలు బయటికి వస్తుంది. నిపుల్ బిగించాకే పెడల్ వదలాలి, లేకపోతే బయటి గాలిని మళ్లీ లోపలికి పీలుస్తుంది. పైన డబ్బాలో ఆయిలు అడుగంటకుండా పోస్తూ ఉండాలి. ఉస్తాద్ ఈ పని పద్ధతి ప్రకారమే చేశాడు. పెడల్ కొంచెం గట్టిపడింది. రెండు రోజులకు మళ్లీ మెత్తబడింది. ఇంకోసారి తీశాడు, మరోసారి తీశాడు. మూడోసారి ఒక్క బుడగ కూడా రాలేదు, అయినా తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి జారిపోతూనే ఉంది. ఎక్కడా కారడం లేదు, డబ్బాలో ఆయిలు తగ్గడం లేదు.

మరి ఒత్తిడి ఎక్కడికి పోతున్నట్టు?

ఆ సాయంత్రం ఇంట్లో ఇదే మాట నడుస్తుంటే, మంచం మీద నుంచి అత్తయ్య తన కొడుకుని అడిగారు: "ఒరే, ఎంత కొట్టినా నీళ్లు రాకపోతే బావి ఎండిపోయిందంటామేటి? ముందు వాషరు సూస్తాం. మన ఈధి బోరింగు మరిసిపోనావా?"

విజయనగరం దగ్గర మా ఊళ్లో వీధి బోరింగు ఉండేది. లోపల పిస్టనుకు గిన్నెలాంటి వాషరు ఉంటుంది. అది అరిగితే, పైకి లాగిన నీళ్లు దాని పక్క నుంచి మళ్లీ కిందికే జారిపోతాయి. గబగబా కొడితే నాలుగు చుక్కలు వస్తాయి, నెమ్మదిగా కొడితే అవీ రావు. మాస్టర్ సిలిండరులోనూ పిస్టనుకు అలాంటి రబ్బరు కప్పే ఉంటుంది. అది అరిగితే ఆయిలు బయటికి కారదు, కప్పు పక్క నుంచి వెనక్కి జారి మళ్లీ డబ్బాలోకే చేరుతుంది. అందుకే ఆయిలు తగ్గడం లేదు. అందుకే గబగబా తొక్కితే పనిచేసి, నెమ్మదిగా తొక్కి పట్టుకుంటే జారిపోతోంది.

మర్నాడు ఉస్తాద్‌కు ఇదంతా చెప్పాం. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, స్లేవ్ దగ్గరి రబ్బరు గొట్టాన్ని నలగకుండా పట్టే క్లాంపుతో మూసేశాడు. గొట్టం మూసేస్తే కింద భాగానికీ పైభాగానికీ సంబంధం ఉండదు. అప్పుడు పెడల్ రాయిలా నిలబడితే మాస్టర్ బాగున్నట్టు, జబ్బు కిందనున్నట్టు. అప్పటికీ జారితే జబ్బు మాస్టర్‌లోనే. తొక్కి పట్టుకుని అందరం చూశాం. పెడల్ జారింది. మూడు వారాల ప్రశ్నకు ఒక నిమిషంలో జవాబు దొరికింది.

సిలిండరు విప్పితే లోపలి ఆయిలు కాఫీ డికాక్షనులా ఉంది, గోడల మీద సన్నని గుంటలున్నాయి. బ్రేకులకూ క్లచ్‌కూ వాడే ఈ ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ద్రవం కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు దిగుతుంది. తేమ వల్ల సిలిండరు లోపల తుప్పు పడుతుంది, ఆ గరుకు మీద రాసుకుని కప్పు అరుగుతుంది. సిల్చర్ వానలు, ఝాన్సీ ఎండలు చూసిన బండి కదా. రెండేళ్లకోసారి ఈ ద్రవం మార్పించడం మంచిదని మెకానిక్కులు చెప్పేది ఇందుకే. ఇంకో మాట. ఇందులో ఇంజను ఆయిలు చుక్క కూడా పడకూడదు, రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. ఒంటి మీదో కారు రంగు మీదో పడితే వెంటనే నీళ్లతో కడగాలి.

గోడలకు గుంటలుంటే కప్పు ఒక్కటే మార్చి లాభం లేదు. కశ్మీరీ గేట్ విడిభాగాల బజారుకు వెళ్లి కొత్త మాస్టర్ సిలిండరే తెచ్చాం. బిగించాక పెడల్ మళ్లీ మెత్తగానే ఉంది! ఈసారి మాత్రం నిజంగా గాలే. కొత్త సిలిండరు లోపల ఎండిపోయి ఉంటుంది, పైగా గొట్టం మధ్యలో గుర్రపు నాడాలా పైకి వంగి ఉంది. బుడగ ఆ వంపు ఎక్కి కూర్చుంటే, కింద నుంచి ఎంత తీసినా దిగదు. గాలి స్వభావం పైకి పోవడం, మనమేమో కిందికి లాగుతున్నాం. ఉస్తాద్ పద్ధతి మార్చాడు. శుభ్రమైన కొత్త సిరంజీలో కొత్త ఆయిలు నింపి, కింద నిపుల్ నుంచి మెల్లగా పైకి ఎక్కించాడు. పై డబ్బాలో బుడగలు ఒకటొకటిగా తేలి పగిలాయి. బుడగలు ఆగాక నిపుల్ బిగించాడు.

ఖాళీ మైదానంలో బ్రేకు మీద కాలుంచి, మొదటి గేరులో క్లచ్ రెండు నిమిషాలు తొక్కి పట్టుకున్నాం. బండి కదల్లేదు. శుక్రవారం అత్తయ్యను అందులోనే తీసుకెళ్లి తీసుకొచ్చాం. ఆవిడ దారంతా నిద్రపోయారు.

పిల్లలూ, ఇందులో మాకు బాగా నచ్చింది ఆ క్లాంపు పరీక్ష. మొత్తం వ్యవస్థను ఒకేసారి అనుమానించకుండా, మధ్యలో ఒకచోట మూసి, జబ్బు ఇటుందా అటుందా అని తేల్చుకోవడం. అదే నెలలో మా ఏడో తరగతిలో ఒక అబ్బాయి గురించి మాట్లాడుకోవలసి వచ్చింది. ఆంధ్ర నుంచి తండ్రి బదిలీ మీద ఏడాది మధ్యలో వచ్చాడు. లెక్కల్లో వరసగా మూడు పరీక్షలు తప్పాడు. ఇంట్లో ట్యూషను పెట్టారు, ట్యూషను గంటలు పెంచారు, ఇంకా పెంచాలనుకుంటున్నారు. మేము వాణ్ణి ఒక మధ్యాహ్నం కూర్చోబెట్టి, అవే పది లెక్కలు తెలుగులో చదివి వినిపించాం. ఎనిమిది చేశాడు. జబ్బు లెక్కల్లో లేదు, ఇంగ్లీషు ప్రశ్న వాక్యం దగ్గరుంది. వాళ్ల అమ్మగారికి ఆ కాగితం చూపించాం. ఆవిడ చాలాసేపు ఆ ఎనిమిది టిక్కులే చూశారు.

ఇప్పుడు వాడు రోజూ భోజన విరామంలో పావుగంట మా దగ్గరికి వచ్చి, ప్రశ్న వాక్యాలను ముక్కలు చేసి అర్థం చెప్పుకుంటున్నాడు. లెక్కల ట్యూషను మానేశాడు. సాయంత్రాలు క్రికెట్ ఆడుతున్నాడు.