గడ్డి మిషన్ పట్టుకునే ముందు ఒక్కసారి చదవండి



గట్ల మీద గరిక, తుంగ, వయ్యారిభామ కొడవలితో కోయించే రోజులు దాదాపు పోయాయి. కూలీలు దొరకట్లేదు, దొరికినా గట్టు గడ్డికి అంత ఖర్చు పెట్టలేం. అందుకే అందరం భుజాన తగిలించుకునే పెట్రోల్ గడ్డి మిషన్లు కొనుక్కుంటున్నాం. నేను ఆరేళ్ళుగా వాడుతున్నాను. షాపులో డబ్బులు కట్టించుకుని, తాడు లాగి స్టార్ట్ చేసి చూపించి పంపిస్తారు. మిగతాది ఎవరూ చెప్పరు. అది రాద్దామనే ఈ పోస్టు.

ముందు ఆయిల్ సంగతి. మీది టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా అన్నది కచ్చితంగా తెలుసుకోండి. ఫోర్ స్ట్రోక్‌కి ఇంజన్ ఆయిల్ వేరే పోస్తాం, ట్యాంకులో ఉత్త పెట్రోలే. టూ స్ట్రోక్‌కి ఆయిల్ గది ఉండదు. పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టన్‌కీ బేరింగులకీ జారుడు ఇస్తుంది. వెనకటి లూనాలు, చేతక్ స్కూటర్లు నడిపినవాళ్ళకి ఇది తెలుసు. 50కి 1 అంటే లీటరుకి 20 మిల్లీ, 25కి 1 అంటే 40 మిల్లీ. మీ మిషన్ పుస్తకంలో ఏది రాసుంటే అదే పొయ్యండి. తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే పొగ, ప్లగ్గు నలుపు, సైలెన్సర్లో మసి. ట్రాక్టర్ ఆయిల్ మాత్రం పొయ్యకండి. విడిగా డబ్బాలో కలిపి, బాగా కుదిపి, అప్పుడు ట్యాంకులో పోసుకోవాలి.

పెట్రోల్ పోసేటప్పుడు ఇంజన్ ఆపి, చల్లారనివ్వాలి. సైలెన్సర్ కాలుతుండగా నాలుగు చుక్కలు ఒలికినా చాలు, ఒళ్ళు కాలడానికి. పక్కన బీడీ వద్దు. పోసిన చోట స్టార్ట్ చెయ్యకుండా పది అడుగులు అవతలికి వెళ్ళండి. పాకలో తలుపులేసి నడపొద్దు, ఆ పొగలో వాసన తెలియని విషవాయువు ఉంటుంది. ఇంకో మాట, పెట్రోల్‌ని మంచినీళ్ళ సీసాలో ఉంచకండి. ఎండన పడి వచ్చిన పిల్లాడు చూసుకోకుండా ఎత్తుకుని తాగేస్తాడు.

ఇక అసలు సంగతి. పోయిన ఏడాది మా చుట్టాలబ్బాయికి మిషన్ కింద నుంచి రాయి ఎగిరి కంటికి తగిలింది. రెండు ఆపరేషన్లు చేశారు, చూపు రాలేదు. వాడు మిషన్ నడపట్లేదు. గడ్డి కోస్తున్న తండ్రికి మంచినీళ్ళు తెచ్చాడు, అంతే. తండ్రి కళ్ళకి అద్దాలున్నాయి, కొడుకు కళ్ళకి లేవు. ఆ ఇంట్లో మిషన్ అలాగే మూలన పడుంది. ఎవరూ ముట్టుకోరు, అమ్మనూ అమ్మరు.

అందుకే చెబుతున్నా. మిషన్ తిరుగుతుంటే చుట్టూ 50 అడుగుల్లోపు మనిషి గానీ గొడ్డు గానీ ఉండకూడదు. ఎవరైనా వస్తే ముందు ఇంజన్ ఆపండి, తర్వాతే మాట. కొయ్యబోయే ముందు గట్టు మీద ఒకసారి నడిచి రాళ్ళు, సీసా ముక్కలు, తీగలు ఏరెయ్యండి. అడ్డొస్తోందని గార్డు విప్పెయ్యొద్దు. నైలాన్ దారం అయిపోయిందని ఇనప తీగ కట్టడం నేను కళ్ళారా చూశాను. అది తెగితే తుపాకీ గుండుతో సమానం. అద్దాలు, బూట్లు, ఫ్యాంటు తప్పనిసరి. లుంగీ ఎగ్గట్టి చేసే పని కాదిది.

రేస్ వదిలేస్తే బ్లేడు ఆగిపోవాలి. ఊరికే తిరుగుతోందంటే ఐడిలింగ్ ఎక్కువైనా అయ్యుండాలి, క్లచ్ అయినా పాడయ్యుండాలి. అది బాగు చేయించకుండా పొలానికి తీసుకెళ్ళొద్దు. గడ్డి చుట్టుకుంటే ఇంజన్ ఆపి, ప్లగ్ క్యాప్ పీకి, అప్పుడే చెయ్యి పెట్టండి.

సంరక్షణ పెద్ద కష్టమేం కాదు. ఎయిర్ ఫిల్టర్ స్పాంజి సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. దుమ్ము లోపలికి పోతే ఇంజన్ ఆయుష్షు సగం పోయినట్టే. ప్లగ్గు విప్పి రంగు చూడండి. ఇటుక రంగులో ఉంటే మంచిది. తడిగా నల్లగా ఉంటే ఆయిలో పెట్రోలో ఎక్కువవుతోంది. తెల్లగా ఉంటే ఇంజన్ వేడెక్కిపోతోందని అర్థం. బ్లేడు నట్టు రోజూ బిగించుకోవాలి. పగులు కనిపించిన బ్లేడు వెల్డింగ్ చేయించకుండా పారెయ్యండి.

పని అయిపోయి నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపండి. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. అది తేమను పీల్చుకుంటుంది, నిల్వ ఉంటే కార్బొరేటర్‌ని పాడు చేస్తుంది. తొలకరికి తాడు లాగి లాగి చేతులు పడిపోవడం చాలావరకు అందుకే.

మీ ఇంట్లో మిషన్ నడిపే కుర్రాళ్ళకి ఇది చదివి వినిపించండి. అద్దాలు ఒక జత కాదు, రెండు జతలు కొనండి. రెండోది, దగ్గరికి వచ్చేవాళ్ళకి.