చెబితేనే తెలిసే ఊరు

ప్రొద్దుటూరులో చేతిసంచితో వీధి మలుపు తిరిగితే చాలు, యాడికి పోతున్నామో, సంచిలో ఏముందో, ఎన్నాళ్లకు తిరిగొస్తామో అంగడాయన దగ్గర్నుంచి పూలామె దాకా అందరికీ తెలిసిపోతుంది. అట్లాంటి ఊరి నుంచి మెల్బోర్న్ పోయి, కూతురి దగ్గర మూడు నెలలుండి వచ్చాను. వచ్చినప్పట్నుంచీ జమ్మలమడుగు నుంచి చెల్లెలు, పులివెందుల నుంచి వియ్యపురాలు ఒకటే ఫోన్లు. "ఏం తీసుకపోవాల వదినా? ఏం తీసుకపోగూడదు?" ఈసారి పోయేది వియ్యపురాలే మరి.

మొదటి పాఠం విమానంలోనే మొదలవుతుంది. దిగే ముందు ఒక కార్డు ఇస్తారు. తినేవి, గింజలు, మొక్కలు, చెక్క సామాన్లు ఉన్నాయా లేవా అని అందులో అడుగుతారు. "లేవని టిక్కు పెట్టేస్తే పోలా, ఎవరు చూడొచ్చారు" అన్నాడు మా ఆయన. కూతురు ముందే హెచ్చరించింది: "ఉంటే ఉందని రాయి నాయనా. ఉందని చెబితే మహా అయితే తీసి పారేస్తారు. లేదని చెప్పి దొరికితే జరిమానా." ఉందనే రాశాం. అక్కడి ఆఫీసరు మామిడికాయ ఊరగాయ, చెనిక్కాయల పొడి చూసి తిరిగిచ్చింది. మా పెరటి కరివేపాకు మాత్రం అంత దూరం ఎగిరిపోయి చెత్తడబ్బాలో పడింది.

అప్పుడు నాకు కోపమొచ్చింది. ఇంటికి పోయినాక అల్లుడు చెబితే తగ్గింది. కరివేపాకూ చీనీ ఒకే కుటుంబం చెట్లంట. చీనీ తోటల్ని దెబ్బతీసే గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. ఆ తెగులు ఆస్ట్రేలియాలో ఇంకా అడుగు పెట్టలేదు. చీనీ చెట్లకు తెగులు తగిలితే రైతు గతేమిటో పులివెందుల మనిషికి నేను చెప్పాలా?

కూతురి ఇల్లు మెల్బోర్న్ శివారు టార్నీట్‌లో. అక్కడ తెలుగు మాట వినబడని వీధి తక్కువ. అయినా మొదటిరోజు బస్టాపులో మర్యాదగా నిలబడి ఉంటే, బస్సు నా ముందు నుంచే వెళ్లిపోయింది. చెయ్యి చాపితేనే ఆగుతుంది. దిగాలన్నా మీట నొక్కాలి. రోడ్డు దాటాలన్నా స్తంభానికి ఉన్న మీట నొక్కి, అది టకటకలాడే దాకా ఆగాలి. మైకీ అని ఒక కార్డుంటుంది. బస్సు, రైలు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తాకించాలి. నగరం నడిబొడ్డులో మాత్రం 2015 జనవరి 1 నుంచి ట్రాములు ఉచితం. అక్కడక్కడే తిరిగేవాళ్లు కార్డు తాకించనక్కర్లేదు. ఆ హద్దు దాటిపోతుంటే ట్రామే చెబుతుంది. దిగుతూ డ్రైవరుకు థాంక్యూ చెప్పడం అక్కడి ఆచారం. మా ఆయన మూడోరోజుకే అలవాటు పడి, తిరిగొచ్చినాక మన ఎర్రబస్సు డ్రైవరుకూ చెప్పాడు. ఆ డ్రైవరు ఏందో మరిచిపోయామనుకుని వెనక్కి చూశాడు.

చిల్లర దగ్గర జాగ్రత్త. రెండు డాలర్ల నాణెం ఒక డాలరు నాణెం కంటే చిన్నది. 1878 నుంచి నడుస్తున్న క్వీన్ విక్టోరియా మార్కెట్ చూడాల్సిందే, కానీ సోమ, బుధవారాలు మూసి ఉంటుంది. ఛార్జరు పిన్నుకు అక్కడి అడాప్టరు కావాలి. మందులకు డాక్టరు చీటీ ఉండాలి. మనలాంటి చుట్టపుచూపు వాళ్లకు వాళ్ల ప్రభుత్వ వైద్యం వర్తించదు కాబట్టి ఇన్సూరెన్సు ఇక్కడే తీసుకోవాలి. ఆపదొస్తే నొక్కాల్సింది మూడు సున్నాలు.

ఆ ఊర్లో చెప్పకుండా వచ్చేది వాతావరణం ఒక్కటే. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాళ్లకు ఎండాకాలం. "మన ఎండ చూసినోళ్లకు అదేం ఎండ" అనుకోవద్దు. 2009 ఫిబ్రవరి 7న ఆ నగరంలో 46.4 డిగ్రీలు కాసింది. మనకు చలి తెచ్చే ఉత్తరపు గాలి వాళ్లకు ఎడారి మీదుగా వేడి మోసుకొస్తుంది. సాయంత్రానికి గాలి దక్షిణానికి తిరిగిందంటే గంటలో స్వెటరు వెతుక్కోవాలి. టోపీ, స్వెటరు రెండూ ఒకే సంచిలో ఉండాలి.

అన్నిటికంటే కష్టం పగటిపూట. పొద్దున్నే కూతురు, అల్లుడు పనికి, పిల్లోడు బడికి. వీధిలో మనిషి కనబడడు. ప్రొద్దుటూరులో గంటసేపు నేను గడపలో కనబడకపోతే పక్కింటామె వచ్చి, మొహం చూసి "ఏమైంది?" అంటుంది. అక్కడ మూడు వారాలు నా మొహం ఎవరూ చదవలేదు. కూతురు కూడా. నాకు ఉక్రోషం వచ్చింది. ఒకరోజు అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే, "చెప్పొచ్చు కదమ్మా" అని తనూ ఏడ్చింది. నేను సుఖంగా ఉన్నాననే అనుకుందంట. మరుసటి రోజే లైబ్రరీకి తీసుకపోయింది. సాయంత్రం పార్కులో నాలాగే వచ్చిన తల్లులు నలుగురిని పరిచయం చేసింది. ఒకామెది ప్రొద్దుటూరే. మా ఊరి అమ్మవారిశాల దసరా గురించి ఆ రోజు ఇద్దరం చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం.

కాబట్టి వదినా, ఊరగాయ ఉంటే ఉందని కార్డులో రాయి. విసుగొస్తే వచ్చిందని కొడుకుతో అను. వాడు కనిపెడతాడని ఎదురుచూడొద్దు. కరివేపాకు మాత్రం పెట్టుకోవద్దు. కోడలు తొట్టిలో పెంచుతోంది, నలుగురికీ సరిపోతుంది.