నాలుగడుగుల ఓపిక

నేను పాఠాలు చెప్పే తరగతిలో ఒక పిల్లవాణ్ణి తోటివాళ్లు ‘ట్యూబ్‌లైట్’ అని పిలిచేవాళ్లు. ఆ మాట విన్నప్పుడల్లా మనసు చివుక్కుమనేది. మా ఇంటి వసారాలో నాలుగడుగుల ట్యూబ్‌లైటు కిందే నేను చదువుకున్నాను. అది ఎందుకు ఆలస్యంగా వెలుగుతుందో నాన్న విడమరిచి చెప్పారు.

స్విచ్ వేయగానే ముందు స్టార్టరులోని చిన్న గాజుబుడ్డిలో వాయువు మెరుస్తుంది. ఆ వేడికి రెండు లోహాలు అతికిన రేకు వంగి, ఎదుటి కొసను తాకుతుంది. అప్పుడు ట్యూబు రెండు చివర్ల ఫిలమెంట్లలో కరెంటు పారి అవి కాగుతాయి. రేకు చల్లారి విడిపోయిన క్షణాన చోక్ ఎక్కువ వోల్టేజిని ఒక్కసారిగా తోస్తుంది. పాదరసపు ఆవిరిలో కరెంటు నడుస్తుంది. అందులోంచి పుట్టే అతినీలలోహిత కిరణాలను గాజు లోపలి తెల్లపూత వెలుగుగా మారుస్తుంది. ఇక స్టార్టరు, సంబంధం కుదిర్చిన పెళ్లిళ్ల పేరయ్యలా పక్కకు తప్పుకుంటుంది. చోక్ మాత్రం కరెంటు హద్దు మీరకుండా చివరిదాకా కాపు కాస్తుంది.

ఇందరి పనిలో తప్పు ఎవరిదో తేల్చడానికి నాన్నకు ఒకటే సూత్రం: “ముందు చూడు, తర్వాత ముట్టుకో.”

చివరలు ఎర్రగా కాగుతూ నడుమ చీకటిగా ఉంటే స్టార్టరును అనుమానించాలి. దాన్ని తీయగానే ట్యూబు వెలిగితే దొంగ దొరికినట్టే. టపటపా కొట్టుకుంటుంటే ముందు స్టార్టరే మార్చాలి. అయినా ఆగక, చివరలు బాగా నల్లబడి ఉంటే ఫిలమెంట్ల మీది పూత అరిగి ట్యూబుకు వయసు మీరినట్టు. ఉలుకూ పలుకూ లేకపోతే మెయిన్ ఆపి, ట్యూబును హోల్డర్లలో కాస్త తిప్పి సరిగా కూర్చోబెట్టాలి. చాలాసార్లు పిన్ను తగలకపోవడమే జబ్బు. అదీ కాకపోతే పక్కగదిలో వెలిగే ట్యూబు తెచ్చి పెట్టి చూడాలి. చోక్ వంతు ఆఖరున. అది జుమ్మని మోగుతుంటే బిగింపు మరలు వదులయ్యాయేమో చూడాలి.

వేసవి సాయంత్రాలు పొలాల్లో మోటార్లు ఆడుతుంటే మా ట్యూబు ఎంతకీ అందుకునేది కాదు. నాన్న నిచ్చెన ఎక్కేవారు కాదు. “దానిలో లోపం లేదు, లైన్లో కరెంటు చాలడం లేదు” అనేవారు.

ట్యూబు పగిలితే మమ్మల్ని దూరంగా పంపి, కిటికీలు తెరిచేవారు. చీపురు పెట్టకుండా అట్టముక్కతో గాజు ఎత్తేవారు. ఆ పాదరసం వల్లనే, ఈ ట్యూబుల తయారీని, ఎగుమతి దిగుమతులను 2027 కల్లా నిలిపేయాలని పాదరసం కట్టడికి కుదిరిన మినమాటా ఒప్పంద దేశాలు 2023లో నిర్ణయించాయి. ట్యూబు వెళ్లిపోనీ, నాన్న నేర్పిన వరస నాకు మిగిలింది.

ఆ పిల్లవాడి విషయంలోనూ ఆ వరసే పట్టాను. పొద్దున ఏమైనా తిన్నావా అని అడిగాను. తిన్నానన్నాడు. మర్నాడు చివరి బెంచీ నుంచి తెచ్చి ముందు బెంచీలో కూర్చోబెట్టాను. బోర్డు మీది లెక్క తప్పు లేకుండా ఎక్కించుకుని, అందరికంటే ముందు చేసి చూపించాడు. వాడికి కావలసింది కళ్లజోడు.