ఇటలీ ప్రయాణమునకు ముందు

మా వారికి ఇటలీ దేశమున టొరీనో పట్టణములో నుద్యోగము కుదిరినదని తెలిసిన నాడు మైపాడులోని మా యింట పండుగయే జరిగినది. నెల తిరుగకుండ మాకొక చింత పట్టుకొన్నది. వారి కచేరీలో ఇంగ్లీషుతో పని గడచును. కూరగాయల యంగడిలో, పిల్లవాని బడిలో, వైద్యుని యొద్ద గడవదు. ఆ చోట్ల మాటలాడవలసినది మేము గదా!

“నేనుండగా నీకేల యీ శ్రమ?” అని వారనిరి. ఈ మాటను మేము పూర్వ మొకమారు నమ్మియుంటిమి. సూరతులో కాపురమున్న దినములలో, వారు పొరుగూరు పోయిన రాత్రి, చంటివానికి జ్వరము హెచ్చి మూర్ఛ వచ్చినది. ఎప్పటినుండి జ్వరము, ఏ మందు వేసితిరి, మునుపు ఇట్లు వచ్చెనా యని వైద్యుడు అడుగుచునే యుండెను. సమాధానములన్నియు మాకు తెలియును, తెలుగున. నేతపనివారి యింటి తెలుగు ఇల్లాలొకామె పరుగెత్తుకొని వచ్చువరకు మేము మూగవారమే. బిడ్డ దక్కెను గాని ఆ యరగంట మమ్మిప్పటికిని వదలలేదు. అందుచేత ఈ పర్యాయము వారి మాట వినలేదు.

తెలుగునకు ‘ప్రాచ్య దేశపు ఇటాలియను’ అని పేరున్నది, మీకేమి కష్టమని పలువురు ధైర్యము చెప్పిరి. రెండు భాషలలోను మాటలు అచ్చులతో ముగియుటయే ఆ పేరునకు కారణము. పొగడ్త బాగుగనే యున్నది గాని, దానితో పొయ్యి రాజుకొనదు.

మొదట ముప్పది దినముల పాఠములని చూచి రుసుము కట్టితిమి. హోటలులో గది యడుగుట, రైలు టిక్కెట్టు కొనుట, ద్రాక్షసారాయము తెప్పించుకొనుట నేర్పిరి. మేము పోవునది విహారమునకా, కాపురమునకా? పైగా పాఠములన్నియు ఇంగ్లీషు పలుకుబడితో సాగెను. రాత్రి భోజనమును ‘చేన’ యనవలసి యుండగా మేము ‘సెన’ యని చదివితిమి. ‘పెష్షె’ యనిన చేప, ‘పెస్కె’ యనిన పీచ్ పండ్లు. సముద్రపుటొడ్డున పెరిగిన ఆడుపడుచు చేపల నడుగబోయి పండ్లు తెచ్చుకొనుటా! ఆ రుసుము నీళ్లపాలైనది.

నాటినుండి మా పుస్తకములో తెలుగు లిపితోనే వ్రాసికొనుచున్నాము. వారి ‘త’కార ‘ద’కారములు మనవే. ‘నోనో’ యనిన తొమ్మిదవది, ‘నొన్నొ’ యనిన తాత. గడికిని గడ్డికిని భేద మెరిగిన నోటికి ఇది యొక లెక్కా? చిక్కంతయు లింగములతో. బల్ల పురుషుడట, కుర్చీ స్త్రీయట! పెద్దవారిని గౌరవించునపుడు మగవారినైనను ‘ఆమె’ యను మాటతోనే సంబోధింతురని చెప్పగా, మా అత్తగారు “మంచి దేశమేనే!” యని మెచ్చుకొనిరి.

పాఠములు చెప్పు ఫోను యాప్ కూడ చూచితిమి. వంట చేయుచు మాటలు వల్లించుటకు మంచిదే, కాని మనము చెప్పునది వినువారు అందులో లేరు. ఇల్లు విడిచి పాతిక కిలోమీటర్ల దూరమున్న నెల్లూరికి నిత్యము పోలేము. కావున కంప్యూటరులో ప్రత్యక్షముగా చెప్పు తరగతి యొకటి వెదకి, రుసుము కట్టకమునుపే ఉపాధ్యాయిని నడిగితిమి: “వైద్యునితో మాటలాడు పాఠము ఎన్నవ వారమున వచ్చును?” ఆమె కారణ మడిగి, విని, “మూడవ వారముననే చెప్పెదను” అనెను. మేము ఆ తరగతిలోనే చేరితిమి. వారమునకు రెండు దినములు. తప్పైనను తొలినాటినుండి నోరు తెరవవలసినదే.

చదువును ఐరోపావారి ఆరు మెట్ల కొలతతో నడుపుదురా యని కూడ విచారించితిమి. అచ్చట దీర్ఘకాల నివాసపు అనుమతి కోరువారు సాధారణముగా ఏ-2 మెట్టును, 2018 డిసెంబరు నుండి పౌరసత్వము కోరువారు బి-1 మెట్టును చూపవలయును. పెరూజా, సియెనా పట్టణములలోని విదేశీయుల విశ్వవిద్యాలయములు పెట్టు ‘చెలి’, ‘చిల్స్’ పరీక్షలు అందులకు చెల్లును. ముప్పది దినముల బడివారి రంగుల పత్రము చెల్లదు. కొత్తగా వచ్చినవారికి స్వల్ప వ్యయముతోనో, ఉచితముగనో భాష నేర్పు వయోజన విద్యాకేంద్రములను ఆ ప్రభుత్వమే నడుపుచున్నది. వ్యాకరణమంతయు ఇచ్చటనే ముగింపవలెనని సొమ్మంతయు ధారపోయ నక్కరలేదు.

సాయంకాలము పడవలు ఒడ్డునకు చేరువేళ అత్తగారిని వైద్యునిగా కూర్చుండబెట్టి పాఠ మొప్పగించుచున్నాము. “మియో ఫిల్యో ఆ లా ఫెబ్బ్రె”, మా అబ్బాయికి జ్వరము.

“ఎప్పటినుంచే?” యని అత్తగారు తెలుగుననే యడుగుదురు.

“దా యేరి సేర.” నిన్నటి సాయంత్రము నుండి.