తొలి ఫలితాలలో ధ్వని

సాహిత్యం బోధించేవాడికి పరదేశపు ఎన్నికలతో పని ఏమిటని కొందరు పాఠకులకు తోచవచ్చు. నిజానికి అమెరికా అధ్యక్ష ఎన్నికలకు తొలి ఘట్టమైన ప్రైమరీల వార్తలను నేను శ్రద్ధగా చదవడానికి కారణం సాహిత్యమే. మాటకు వాచ్యార్థం ఒకటి ఉండగా, దానిని ఆశ్రయించుకొని మరొక అర్థం స్ఫురిస్తుందనీ, దానికి ధ్వని అని పేరనీ 9వ శతాబ్దంలో కాశ్మీర పండితుడు ఆనందవర్ధనుడు ప్రతిపాదించిన సంగతి మన విద్యార్థులు తరగతిలో విన్నదే. అంకెలకు కూడా ధ్వని ఉంటుందని నాకు ఈ ప్రైమరీలను గమనించిన పిదపనే బోధపడింది.

నవంబరులో జరిగే అసలు ఎన్నికకు ముందు అక్కడి పార్టీలు తమ అభ్యర్థి ఎవరో రాష్ట్రం వెంట రాష్ట్రంగా ఓటర్ల చేతనే తేల్పించుకుంటాయి. కొన్ని రాష్ట్రాలలో రహస్య బ్యాలెట్‌తో ప్రైమరీ జరుగుతుంది. మరికొన్నింట ఇరుగుపొరుగువారు ఏ బడిలోనో, చర్చిలోనో సమావేశమై తేల్చుకొనే కాకస్ జరుగుతుంది. ఆ లెక్క ప్రకారం ప్రతినిధులు వేసవిలో పార్టీ మహాసభకు వెళ్తారు. 1972 మొదలు చాలా కాలం ఈ వరుసలో ముందు నిలిచినది అయోవా అనే మొక్కజొన్న పొలాల రాష్ట్రం. జనాభా సుమారు 32 లక్షలు. 2024 జనవరి 15న అక్కడ రిపబ్లికన్ కాకస్‌కు వచ్చినవారు దాదాపు లక్షా పదివేల మంది మాత్రమే. మన శాసనసభ నియోజకవర్గాలలో అనేకం ఒక్కొక్కటే అంతకంటె ఎక్కువ ఓట్లు చూస్తాయి. అయినా మరునాటి ఉదయం ప్రపంచపు పత్రికలన్నీ ఆ అంకెలనే పతాక శీర్షికలకు ఎక్కించాయి.

మా ఉర్దూ శాఖలో ఒక పెద్దలున్నారు. రాజకీయాల మాట ఎత్తితే విసుక్కుంటారుగాని, ఈ సంగతి చెప్పినప్పుడు మాత్రం నవ్వి, “మియా, గజల్‌కు మత్లా ఎటువంటిదో వాళ్లకు అయోవా అటువంటిది. మొదటి షేర్ వినగానే సభ చెవి ఒక తీరున అమరుతుంది. తరువాతి షేర్లను ఆ చెవితోనే వింటారు” అన్నారు. ఇంతకంటె చక్కని వ్యాఖ్య నేను ఏ పత్రికలోనూ చదవలేదు.

ఆ పోలికకు సరిపోయే ఉదాహరణ 1976 నాటిది. జార్జియా రాష్ట్రానికి మునుపటి గవర్నరు, వేరుసెనగ రైతు జిమ్మీ కార్టర్‌ను అప్పటికి దేశంలో ఎరిగినవారు అరుదు. వాటర్‌గేట్ వ్యవహారంలో నిక్సన్ 1974 ఆగస్టులో రాజీనామా చేసి పోయిన తరువాత జనం మనసులో మిగిలిన గాయమేమిటో కార్టర్ గ్రహించాడు. తాను ప్రజలతో ఎన్నడూ అబద్ధమాడనని ఊరూరా చెప్పుకొంటూ తిరిగాడు. పన్నుల గురించీ చమురు ధరల గురించీ తక్కినవారు చేసే వాగ్దానాల నడుమ ఆ చిన్న మాట విలక్షణంగా వినిపించింది. జనవరి 19న అయోవా ఫలితం వచ్చింది. కార్టర్‌కు నూటికి సుమారు 28. అందరికంటె ఎక్కువగా, నూటికి 37 మంది, తాము ఎవరికీ కట్టుబడలేదని చెప్పినవారు! వాచ్యార్థంలో ఆ రాత్రి మొదటి స్థానం ఏ అభ్యర్థిదీ కాదు. కాని కార్టర్ ఆ సమయానికి అయోవాలో లేడు. మరునాటి ఉదయపు టెలివిజన్ కార్యక్రమాలకు అందేటట్లు న్యూయార్కులో ఉన్నాడు. తెల్లవారేసరికి దేశానికి తెలిసినది కార్టర్ గెలిచాడన్న మాట ఒక్కటే. ఏడాది తిరిగేసరికి, 1977 జనవరి 20న, ఆయన అధ్యక్షుడుగా ప్రమాణం చేశాడు. పేరు చెప్పని ఆ 37 మంది మాత్రం చరిత్ర పుస్తకాలలో అడుగు సూచికలలోకి జారిపోయారు. వారిని గురించి నాకు ఇప్పటికీ కుతూహలం తీరలేదు.

అంతకు ఎనిమిదేళ్లు ముందు, 1968 మార్చి 12న, న్యూ హాంప్‌షైర్‌లో జరిగినది దీనికి తలక్రిందులు. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన సెనేటర్ యూజీన్ మెకార్తీకి నూటికి 42 ఓట్లు వచ్చాయి. అధికారంలో ఉన్న అధ్యక్షుడు జాన్సన్‌కు, బ్యాలెట్‌పై ముద్రితమైన పేరు లేకపోయినా, ఓటర్లు చేతితో వ్రాసినవే 49. అయినా గెలిచినవాడు ఓడినట్లూ, ఓడినవాడు గెలిచినట్లూ లోకం చదువుకుంది. ఆ మార్చి 31న తాను మళ్లీ పోటీ చేయనని జాన్సనే ప్రకటించాడు. మెకార్తీ కోసం ఇంటింటికీ తిరిగినవారు కళాశాల విద్యార్థులు. చిన్న ఊళ్ల పెద్దవాళ్లు బెదరకుండా వారిలో అనేకులు పొడుగు జుట్టు కత్తిరించుకొని, గడ్డాలు గీయించుకొని మరీ వెళ్లారు. గడ్డం విషయంలో మన విద్యార్థులకు నేను సలహా ఇవ్వబోవడం లేదు. కాని ఎదుటివాడి గడపలో నిలబడేటప్పుడు ఏ రూపంలో నిలబడితే మాట చెవికెక్కుతుందో ఆలోచించిన ఆ యువకుల వివేకం నాకు ముచ్చట గొలిపింది.

నినాదాల సంగతి వేరు. 1984లో గేరీ హార్ట్ కొత్త ఆలోచనలు అన్న మాటను పట్టుకొని ఫిబ్రవరి 28న న్యూ హాంప్‌షైర్‌లో మాండేల్‌ను చిత్తు చేశాడు. రెండు వారాలు తిరగకముందే అట్లాంటా చర్చలో మాండేల్ ఒక హోటలు వ్యాపార ప్రకటనను అరువు తెచ్చుకొని, ఈ రొట్టెలో మాంసమేదని హార్ట్‌ను అడిగాడు. సభ ఘొల్లుమంది. హార్ట్ విధాన పత్రాలు లేనివాడేమీ కాదు. కాని నవ్వుకు జవాబు దొరకలేదు. పార్టీ టికెట్టు మాండేల్‌కే దక్కింది. నవంబరులో 50 రాష్ట్రాలలో 49 రీగన్ పరమయ్యాయి. ఇక 2024 అయోవాలో మూడవ స్థానంలో నిలిచిన నిక్కీ హేలీ, ఆ రాత్రే, పోటీ ఇక ఇద్దరి మధ్యనే అని ప్రకటించింది. మూడవవారు ఇద్దరిలో ఒకరు కావడం ఏ గణితమో నాకు తెలియదు. ఎనిమిది రోజుల తరువాత న్యూ హాంప్‌షైర్‌లో ట్రంప్‌కు 54, ఆమెకు 43 రావడంతో ఆ అతిశయోక్తి కొంత స్వభావోక్తి అయింది.

ఇంతవరకు చెప్పినవన్నీ అభ్యర్థులు తమకు అనుకూలంగా ధ్వనింపజేసుకొన్న అంకెలు. ఓటర్లే ధ్వనింపజేసిన అంకె ఒకటుంది. గాజా యుద్ధం సాగుతుండగా, 2024 ఫిబ్రవరి 27న మిచిగన్ డెమొక్రటిక్ ప్రైమరీ జరిగింది. అధ్యక్షుడు బైడెన్‌కు గట్టి పోటీదారు లేడు. శాశ్వత కాల్పుల విరమణ కోరేవారు, ఎవరికీ కట్టుబడను అనే గడిలో గుర్తు పెట్టండని ప్రచారం చేశారు. 1976 అయోవాలో చెవిన పడకుండా పోయిన గడి అదే. నిర్వాహకులు పదివేల ఓట్లు లక్ష్యంగా చెప్పారు. 2016లో ట్రంప్ మిచిగన్‌ను గెలుచుకొన్న ఆధిక్యం పదివేల పైచిలుకే కనుక ఆ అంకె ఎంపికలోనే ఒక హెచ్చరిక ఉంది. పడినవి లక్షకు పైగా, నూటికి 13. ఫోర్డు మోటారు కంపెనీ కేంద్రమూ, అరబ్బు కుటుంబాల నిలయమూ అయిన డియర్‌బోర్న్‌లో సగానికి పైగా ఆ గడికే పడ్డాయి. బైడెన్‌కు నూటికి 81 వచ్చిన మాట కూడా నిజమే. 2012లో ఒబామాకు పోటీ లేనప్పుడు సైతం నూటికి 11 వరకు ఇటువంటి ఓట్లు పడ్డాయని తేలిక చేసినవారున్నారు; అదీ నిజమే, అయితే నాడు ఆ ఓట్ల మొత్తం 21 వేల లోపే.

మన దేశంలో 2013 సుప్రీంకోర్టు తీర్పు తరువాత వచ్చిన నోటాకూ దీనికీ ఒక భేదముంది. నోటాకు ఎన్ని ఓట్లు పడినా చట్టసభలో కుర్చీ రాదు. మిచిగన్‌లోని ఆ గడికి మాత్రం ఇద్దరు మహాసభ ప్రతినిధులు లభించారు. తక్కిన రాష్ట్రాలవారితో కలిపి ముప్పైకి కాస్త అటూ ఇటూ. ఆగస్టులో చికాగో మహాసభ వేదికపై పాలస్తీనా మూలాలున్న అమెరికన్ ఒకరికి మాట్లాడే అవకాశమివ్వమని వారు అడిగారు. పార్టీ ఇవ్వలేదు. వారు భవనం వెలుపల కాలిబాటపై రాత్రంతా కూర్చున్నారు.

ఆ నవంబరులో ట్రంప్ మిచిగన్‌ను సుమారు 80 వేల ఓట్ల తేడాతో గెలిచాడు. ఆ 80 వేలనూ, ఫిబ్రవరి నాటి లక్షనూ పక్కపక్కన పెట్టి నేరమెవరిదో తేల్చేవారిని చూశాను. ఉర్దూ శాఖ పెద్దలు కూడా ఒక మధ్యాహ్నం, “మరి వాళ్లు సాధించినదేమిటి?” అని సూటిగా అడిగారు. కోరినది దక్కలేదని ఒప్పుకొన్నాను. కాని వాచ్యార్థమే లేనిచోట ధ్వనిని ఊహించడం తగదని తరగతిలో చెప్పే మాటనే ఆయనతోనూ అన్నాను. ఫిబ్రవరిలో ఆ గడి నింపిన లక్ష మందీ నవంబరులో ఎటు పోయారో ఫిబ్రవరి కాగితం మీద వ్రాసి లేదు. యుద్ధం ఆపమన్నది మాత్రం వ్రాసి ఉంది.