ఎండుతున్న చెరువులో ఊపిరి జాడ

అనంతపురం పట్టణానికి పేరు ఒక చెరువు వల్ల వచ్చింది. విజయనగర పాలకుడు బుక్కరాయల మంత్రి ఒకరు పండమేరు వాగుకు అడ్డంగా కట్ట పోయించాడనీ, ఆ కట్ట రెండు కొసల వద్ద వెలసిన ఊళ్లకే బుక్కరాయసముద్రం, అనంతసాగరం అనే పేర్లు వచ్చాయనీ స్థానిక చరిత్ర చెబుతుంది. సాలీనా సగటున దాదాపు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే నేలలో మన పూర్వికులు తమ చెరువులను సముద్రమని, సాగరమని పిలుచుకున్నారు. నీటి విలువ ఎరిగినవారి నోటనే అలాంటి పేర్లు పుడతాయి.

ఈ పీఠభూమికి నీరు అతిథి వంటిది. నైరుతి మేఘాలు పడమటి కనుమల మీదనే తమ బరువు దించుకుంటాయి. ఈశాన్య పవనాలు తీరం దాటి ఇంత దూరం వచ్చేసరికి నీరసిస్తాయి. కొన్నేళ్లు చెరువు అడుగున పశువులు మేస్తాయి. మరొక ఏడు, 2022 అక్టోబరులో వలె, అదే పండమేరు ఉప్పొంగి పట్టణంలోని లోతట్టు కాలనీలను ముంచెత్తుతుంది. ఇలా వచ్చి పోయే నీటిలో చేప ఎలా బ్రతుకుతున్నది, దానిని పట్టి బ్రతికేవారు ఎలా బ్రతుకుతున్నారు అన్న ప్రశ్నతో మేము చిత్రావతి తీరాన ఉన్న బుక్కపట్నం చెరువుకు వెళ్లాము. విజయనగర కాలం నాటి ఈ చెరువు ఒకప్పటి అనంతపురం జిల్లాలోనిది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగిన నాటి నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లాకు చెందింది.

ఫజ్ర్ నమాజు ముగించుకొని బయలుదేరాము. ఎండలు ముదరక ముందే నీరు కట్ట వైపునకు జరిగిపోయింది. వాగు వచ్చి కలిసే పైతట్టు అంచున మోకాటి లోతుకు మించని నీటి పాయలు, వాటి మధ్య తుంగ, తూటికాడ పొదలు, ఆరుతున్న బురద మిగిలాయి. అక్కడ ఒక వృద్ధుడు గాలపు కర్ర చేతపట్టి కదలక నిలబడి ఉన్నాడు. వల లేదు, పడవ లేదు. ఆయన చూపంతా నీటి మీదనే ఉన్నది.

“ఈ కాలంలో కొరమీను ఎక్కడ ఉంటుంది పెద్దాయనా?” అని అడిగాము.

“అది ఊపిరికి పైకి రావల్ల గదప్పా. అది వచ్చే చోటు చూసుకుంటే చాలు” అన్నాడాయన.

ఆ ఒక్క మాటలో ఆయన విద్య అంతా ఉన్నది. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగి ఉండే ప్రాణవాయువు తగ్గుతుంది. రాత్రివేళ నీటి మొక్కలు కూడా దానిని పీల్చుకుంటాయి గనుక తెల్లవారుజామున కొరత మరింత తీవ్రమవుతుంది. బొచ్చె, రాగండి వంటి చేపలు అప్పుడు నీటి పైకి తేలి నోళ్లు తెరుస్తాయి, లేదా ఇంకా లోతు మిగిలి ఉన్న మడుగులకు తరలిపోతాయి. కొరమీనుకు సర్వశక్తిమంతుడైన అల్లాహ్ వేరొక ఏర్పాటు చేశాడు. మొప్పలతో పాటు, గాలిని నేరుగా పీల్చుకునే అవయవం దాని తలలో ఉన్నది. అందువల్ల ఇతర చేపలు నిలువలేని పలుచని నీటిలో అది నిలుస్తుంది. నీరు ఇంకిపోయినా తడి బురదలో కొంతకాలం ప్రాణం నిలుపుకుంటుంది. అయితే ఆ వరంతోనే ఒక చిక్కు ముడిపడి ఉన్నది. గాలి కోసం అది ఎప్పటికప్పుడు పైకి రాక తప్పదు. వచ్చినప్పుడు తుంగ మొదట చిన్న సుడి, ఒకటి రెండు బుడగలు కనిపిస్తాయి. వేటగాడు వెదికేది ఆ జాడనే.

శీతల దేశాలలోనూ ఇదే విద్య మరొక రూపంలో ఉన్నదని తెలిసి మేము ఆశ్చర్యపోయాము. ఉత్తర అమెరికాలో చలికాలం వచ్చిందంటే సరస్సులు, నదుల పక్కపాయలు గడ్డకడతాయి. జనం మంచుకు రంధ్రం తొలిచి, సన్నని దారానికి గాలం కట్టి, క్రాపీ అనే చేపను పడతారు. మంచు పైకప్పులా కప్పివేస్తే బయటి గాలి నీటిని చేరదు. దాని మీద హిమం పేరుకొని వెలుతురు అందకపోతే అడుగున మొక్కలు చచ్చి కుళ్లుతాయి, ప్రాణవాయువు హరించుకుపోతుంది. అందుకే అక్కడి వేటగాడు కూడా ముందుగా, ఈ పలుచని నీటిలో ఊపిరి ఇంకా ఎక్కడ మిగిలి ఉన్నదని ఆలోచిస్తాడు. అక్కడ మంచు చేసే పనినే ఇక్కడ ఎండ చేస్తున్నది. రెండు చోట్లా చేపకు దారులు మూసుకుపోతాయి, అది కొద్ది జాగాలో గుమిగూడుతుంది, మనిషికి సులువుగా చిక్కుతుంది.

పెద్దాయన బ్రతికి ఉన్న చిన్న కప్పను గాలానికి గుచ్చి తుంగ అంచున మెల్లగా ఆడించాడు. నీడ నీటి మీద పడకుండా సూర్యునికి ఎదురుగా నిలిచాడు. అడుగుల చప్పుడు బురద గుండా చేపకు చేరుతుందని మమ్మల్ని కూర్చోమన్నాడు. చాలాసేపటికి కర్ర ఒక్కసారి వంగింది. ముంజేయంత కొరమీను గట్టున పడింది. ఇది ఆయన ఇంట రాగి సంగటిలోకి పులుసు అవుతుందా, లేక సంతకు పోయి పిల్లల పుస్తకాలకు పైకమవుతుందా అని మేము అనుకుంటూ ఉండగానే ఆయన గాలం చుట్టేశాడు. ఇంకా పడవచ్చు కదా అంటే నవ్వాడు. వానలు పడ్డాక తల్లి చేపలు పిల్లలతో పైకి వస్తాయనీ, అప్పుడు తాను ఈ అంచుకే రాననీ చెప్పాడు.

“బిడ్డల్ని కాసుకునేటప్పుడు దాన్ని పట్టేది గొప్ప కాదప్పా. పసిపిల్లోడైనా పడతాడు” అన్నాడు.

ఈ మాట వెనుక ఉన్న సంగతి పాఠకులకు తెలియాలి. బొచ్చె, రాగండి నిలవ నీటిలో సహజంగా గుడ్లు పెట్టవు. చెరువు నిండినప్పుడల్లా వాటి పిల్లలను బయటి నుండి తెచ్చి వదులుతారు. కొరమీను అలా కాదు. వానకాలంలో కలుపు మధ్య గూడు వంటి తావు చేసుకొని తానే గుడ్లు పెడుతుంది. ఎర్రని పిల్లలు గుంపుగా తిరుగుతుంటే తల్లిదండ్రులు వాటి కిందనే ఉండి కాపలా కాస్తాయి. నీటి మీద ఎర్రని మరక కదులుతున్నదంటే దాని అడుగున పెద్ద చేప ఉన్నట్టే. ఆ గుంపులోకి ఏది వచ్చి పడినా అది శత్రువని తలచి మీదపడి కరుస్తుంది. గాలానికి అంతకన్నా సులభమైన వేట మరొకటి లేదు. ఆ ఒక్కటి చిక్కితే కాపలా లేని పిల్లలను ఇతర చేపలు, కొంగలు ఊడ్చేస్తాయి.

జలచరాల వేటను అల్లాహ్ మనకు ధర్మసమ్మతం చేశాడు. ఇహ్రామ్ స్థితిలో భూమి మీది వేటను నిషేధించిన సందర్భంలోనే నీటి వేటకు అనుమతి ఉన్నట్టు దివ్యఖుర్‌ఆన్ అయిదవ సూరా తెలియజేస్తున్నది. అదే గ్రంథంలోని ఏడవ సూరాలో సముద్రతీర వాసుల వృత్తాంతం ఉన్నది. వేట కూడని శనివారం నాడు చేపలు నీటి పైకి కనిపించేలా వచ్చేవి, తక్కిన రోజులలో వచ్చేవి కావు. సులువుగా దొరకడమే వారికి పరీక్ష అయింది. మనకు చేప ఏ రోజున పట్టినా హలాలే. అయినా చేతికందే ప్రతిదీ తీసుకోవలసిందేనా అన్న ప్రశ్న మనకూ ఉన్నది. పిట్ట పిల్లలను కొందరు సహచరులు తీసుకొనగా తల్లి పిట్ట తల్లడిల్లడం చూసి, వాటిని తిరిగి ఇచ్చివేయమని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశించారని హదీసు తెలుపుతున్నది. తుంగ నీడన పిల్లలను కాచుకునే చేప విషయంలో ఆ కారుణ్యాన్ని గుర్తు చేసుకోవడం విశ్వాసికి కష్టం కాదు.

చెరువు ఎండి చివరి మడుగు మిగిలినప్పుడు ఈ పరీక్ష మరింత కఠినమవుతుంది. కొన్ని చోట్ల ఆ మడుగులో మందు కలిపి, లేదా బ్యాటరీ కరెంటు పెట్టి పెద్దవాటిని, పిల్లలను ఒక్కసారిగా తేల్చేస్తారు. నీటిలో విషం కలిపి, మందుగుండు పేల్చి చేపలు చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా పేర్కొన్నది. విషం కలిసిన ఆ నీరే గొర్రెలు తాగే నీరు. నీరు, పచ్చిక, నిప్పు అందరికీ ఉమ్మడి అని ప్రవక్త బోధించారు. మడుగును పాడుచేసేవాడు తన వాటాతో పాటు ఊరి వాటానూ పాడుచేస్తున్నాడు.

నేడు హంద్రీ–నీవా కాలువల ద్వారా శ్రీశైలం వెనుక జలాలు ఈ పీఠభూమికి ఎక్కి వస్తున్నాయి. బెలుగుప్ప మండలంలోని జీడిపల్లి జలాశయం వంటి కొత్త నీటి తావులు ఏర్పడ్డాయి. నీటిని యంత్రాలు ఎత్తి తెస్తాయి, బొచ్చె పిల్లలను లారీలు తెస్తాయి. మన చెరువులో కొరమీను మళ్లీ పుట్టాలంటే మాత్రం నిరుటి జంట ఒకటి బ్రతికి ఉండాలి. సెలవులలో పిల్లలను చెరువు చూపడానికి తీసుకువెళ్లే తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. వానలు పడ్డాక నీటి మీద ఎర్రని గుంపు కనిపిస్తే వారికి చూపించండి, కింద ఉన్నది ఎవరో చెప్పండి, ఆ రోజుకు గాలం సంచిలోనే ఉంచండి.